ఢిల్లీ లేఖ: కట్టినవారు వెళ్లిపోయిన తరువాత

2025 ఆగస్టులో పార్లమెంటు వర్షాకాల సమావేశాలు ఏ విధంగా నడిచాయో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బీహారు ఓటర్ల జాబితాల ప్రత్యేక సవరణపై చర్చ జరగాలని ప్రతిపక్షాలు పట్టుబట్టడం, సభ్యులు నినాదాలు చేస్తూ అధ్యక్షస్థానం ముందుకు చొచ్చుకొని రావడం, సభ వాయిదా పడడం నిత్యకృత్యమైపోయింది. అయితే సభ సాగినా సాగకపోయినా, లిఖితపూర్వక ప్రశ్నలకు మంత్రులు ఇచ్చే సమాధానాలు మాత్రం సభాసమక్షంలో ఉంచబడుతూనే ఉంటాయి. వాటిని ఓపికగా తిరగవేయడం ఈ విలేఖరికి పాత అలవాటు. ప్రభుత్వం గట్టిగా చెప్పే మాటలు సభలో వినబడతాయి. మెల్లగా ఒప్పుకొనే మాటలు ఈ సమాధానాలలో కనబడతాయి.

అలా కనబడినదే రైల్వే మంత్రి శ్రీ అశ్వినీ వైష్ణవ్ ఇచ్చిన ఒక సమాధానం. ప్రయాణికుల రిజర్వేషన్ వ్యవస్థను పూర్తిగా పునర్నిర్మిస్తున్నామని, ప్రస్తుతం నిమిషానికి సుమారు 25,000 టికెట్లు ఇవ్వగలుగుతుండగా, కొత్త వ్యవస్థ లక్షకు పైగా ఇవ్వగలదని అందులో ఉంది. పత్రికలకు సహజంగానే ఆ లక్ష అంకె నచ్చింది. నన్ను ఆపినది దాని పక్కనున్న మరొక వాక్యం. ఇప్పుడున్న వ్యవస్థ 2010లో నెలకొల్పినదని, అది ఇటానియం యంత్రాల మీద, ఓపెన్ వీ.ఎం.ఎస్. అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నదని మంత్రి తెలిపారు.

నేను ఇంగ్లీషు సాహిత్యం చదివినవాణ్ణి. యంత్రవిద్య నాకు పరాయిది. తెలిసినవారిని అడిగి తెలుసుకున్నది ఇది: ఇటానియం చిప్పుల సరఫరా 2021 జూలైతో ఆగిపోయింది. ఓపెన్ వీ.ఎం.ఎస్.ను తయారుచేసిన డిజిటల్ అనే అమెరికన్ సంస్థ ఇప్పుడు లేదు. 1998లో కాంపాక్ దానిని కొన్నది, 2002లో కాంపాక్‌ను హ్యూలెట్ పాకార్డ్ కలుపుకున్నది. పుట్టించినవారు పోయారు, పెంచినవారు మారారు. అయినా పండుగ ముందు సికింద్రాబాదు కౌంటర్ దగ్గర నిలబడినవారికి బెర్తు నంబరు వస్తూనే ఉన్నది. ఇది ఎట్లా సాధ్యమయింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే దాదాపు అర్ధశతాబ్దం వెనక్కు, జనతా ప్రభుత్వ కాలానికి చేరవలసి వస్తుంది.

1977లో శ్రీ జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రి అయ్యారు. విదేశీ మారకద్రవ్య నియంత్రణకు 1973లో చేసిన చట్టం ప్రకారం విదేశీ సంస్థలు ఇక్కడి శాఖలలో తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవలసి ఉన్నది. కోకాకోలా అంగీకరించలేదు. ఐ.బి.ఎం. కూడా యాజమాన్యం పూర్తిగా తనదే ఉండాలన్నది. కుదరకపోవడంతో 1978లో దేశం విడిచి వెళ్లింది. ఆ సంస్థపై అసంతృప్తి అంతకుముందే ఉన్నది. ఇతర దేశాలలో వాడి పక్కన పెట్టిన 1401 రకపు యంత్రాలను ఇక్కడ అద్దెకిచ్చి లాభం గడిస్తున్నదన్న విమర్శ పార్లమెంటు ప్రభుత్వ లెక్కల సంఘం దాకా వచ్చింది.

నేడు ఆ ఘట్టాన్ని తలచుకొనేవారంతా కోకాకోలాను, ఫెర్నాండెజ్ పట్టుదలను తలచుకుంటారు. కొందరు దానిని స్వావలంబనకు నాంది అంటారు. మరికొందరు దేశాన్ని సాంకేతికంగా వెనక్కు నెట్టిన తొందరపాటు అంటారు. ఆ వాదన ఈ లేఖలో తేలేది కాదు. పానీయం కంపెనీ వెళ్లిపోతే గ్లాసు ఖాళీ అవుతుంది, అంతే. కంప్యూటర్ కంపెనీ వెళ్లిపోతే యంత్రం ఇక్కడే ఉండిపోతుంది; దానిమీద జీతాల పట్టికలు, బిల్లులు, లెక్కలు నడుస్తూనే ఉండాలి. రేపు ఉదయం అది మొరాయిస్తే పిలవవలసిన మనిషి ఎవరు? అసలు ప్రశ్న అది.

ఆ ప్రశ్నకు జవాబు అప్పటికే సిద్ధంగా ఉండడం మన పరిపాలనా చరిత్రలో అరుదైన విషయాలలో ఒకటి. 1975 చివరనే కేంద్ర ప్రభుత్వం ఒక సంస్థను రిజిస్టరు చేయించింది. దాని పేరు కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. కంప్యూటర్ల నిర్మాణ సంస్థ కాదు, పరిశోధన సంస్థ కాదు. పేరులోనే మరమ్మతు ఉన్న సంస్థ. ఐ.బి.ఎం. వెళ్లిపోగానే దేశమంతటా 800కు పైగా చోట్ల ఉన్న ఆ యంత్రాల బాధ్యత దానిమీద పడింది. ఐ.బి.ఎం.లో పనిచేసిన ఇంజనీర్లు పలువురు ఇందులో చేరారు. కంపెనీ పోయింది, దాని పనితనం మనుషుల రూపంలో మిగిలింది. తరువాత ఇతర విదేశీ సంస్థల యంత్రాల పోషణ కూడా ఈ సంస్థ చేపట్టింది.

ఈ సంస్థ రిజిస్టర్డ్ కార్యాలయం మన హైదరాబాదులో ఉండేదని చాలామందికి తెలియదు. 1984లో దాని పేరును సి.ఎం.సి. అని కుదించారు. మెయింటెనెన్స్ అన్న మాట ఒక అక్షరంలోకి ముడుచుకుపోయింది. మరమ్మతు అనే పనికి మనమిచ్చే గౌరవం ఎంతటిదో ఆ కుదింపే చెబుతున్నదని నాకు అనిపిస్తుంది.

మరమ్మతు చేస్తూ చేస్తూ నేర్చుకున్నవారు నిర్మాణానికి కూడా పూనుకున్నారు. రైల్వేలకు సి.ఎం.సి. తయారుచేసిన రిజర్వేషన్ వ్యవస్థ ఇంప్రెస్, 1985 చివర ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలై, తరువాత బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలకు పాకింది. 1989లో సికింద్రాబాదు చేరింది. అది నడిచింది డిజిటల్ సంస్థ యంత్రాల మీద, వీ.ఎం.ఎస్. మీద.

ఆ రోజులు నాకు బాగా గుర్తు. అప్పుడు నేను విద్యార్థిని. అంతకు ముందు రైలు బెర్తు కావాలంటే ఒక్కొక్క రైలుకు ఒక్కొక్క క్యూ. గుమాస్తా పెద్ద రిజిస్టరు తెరిచి, కలంతో పేరు వ్రాసి, తల పైకెత్తి చూస్తే మన అదృష్టం. ఏ పుటలో ఖాళీ ఉన్నదో ఆయనకూ భగవంతుడికీ తెలుసు. కంప్యూటర్ వచ్చిన తరువాత ఏ కిటికీ దగ్గరకు వెళ్లినా ఏ రైలుకైనా టికెట్టు దొరికింది. అచ్చయిన ఆ కాగితం ముక్కను పదిమందికి చూపించాను. దాని వెనుక ఉన్న వ్యవస్థను ఎవరు వ్రాశారని గాని, వారు రేపు లేకపోతే ఏమవుతుందని గాని మాలో ఒక్కరికీ తోచలేదు.

రైల్వేలకు మాత్రం తోచింది. 1986లోనే రైల్వే మంత్రిత్వశాఖ తనకంటూ ఒక స్వతంత్ర సంస్థను, రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రాన్ని, ఢిల్లీలో ఏర్పాటు చేసుకున్నది. క్రిస్ అన్నది దాని పొట్టిపేరు. ఇంప్రెస్‌లో ఒక్కొక్క నగరం ఒక్కొక్క ద్వీపం. వాటిని కలిపే కాన్సర్ట్ అనే కొత్త రూపాన్ని క్రిస్ ఇంజనీర్లు తామే వ్రాశారు. 1994 సెప్టెంబరులో దానిని మొట్టమొదట అమలు చేసినది సికింద్రాబాదులో. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ ఒక్కటయ్యాయి. 2002లో ఇంటినుంచే టికెట్టు కొనే సదుపాయం దాని మీదనే వచ్చింది.

ఇక్కడ పాఠకులు ఒక తేదీని గమనించాలని మనవి. 2001 అక్టోబరులో కేంద్రప్రభుత్వం సి.ఎం.సి.లో 51 శాతం వాటాను 152 కోట్ల రూపాయలకు టాటా సన్స్‌కు అమ్మింది. 2015లో ఆ సంస్థ టి.సి.ఎస్.లో కలిసిపోయింది. అమ్మకం మంచిదా చెడ్డదా అన్నది వేరే వివాదం. దేశ రిజర్వేషన్ వ్యవస్థను మొదట నిర్మించిన సంస్థ ప్రభుత్వం చేతినుంచి జారిపోయింది. అయినా ఒక్క రైలు టికెట్టు కూడా ఆ కారణాన ఆగలేదు. అంతకు రెండేళ్ల ముందే వ్యవస్థ పూర్తిగా రైల్వేల సొంత మనుషుల చేతికి వచ్చి ఉండడమే అందుకు కారణం. ఆ పని 1994లో గాక 2004లో మొదలుపెట్టి ఉంటే, ప్రతి చిన్న మార్పుకూ రైల్వే బోర్డు అమ్మేసిన సంస్థ గుమ్మం దగ్గర నిలబడవలసి వచ్చేది.

రైల్వేలు తమ ఇల్లు చక్కదిద్దుకున్నాయి సరే, ఆ ఇల్లు నిలిచిన నేల, అంటే వీ.ఎం.ఎస్., సంగతి ఏమిటి? దాని కథ కూడా ఇటువంటిదే. అది 1977 అక్టోబరులో అమెరికాలో వెలువడింది, ఇక్కడ ఐ.బి.ఎం. మూట సర్దుకుంటున్న రోజులవి. దాని ముఖ్య నిర్మాతలలో ఒకరైన డేవ్ కట్లర్ 1988లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లిపోయారు. యజమానులు మారారు. 2013లో హ్యూలెట్ పాకార్డ్ ఇకమీదట కొత్త యంత్రాలకు దీనిని సిద్ధం చేయబోమని, కొన్నేళ్ల తరువాత మద్దతు కూడా ముగుస్తుందని ప్రకటించింది. లోకమంతటా దానిమీద ఆధారపడినవారికి అది మరణవార్త.

కాని మరుసటి ఏడాదే మసాచుసెట్స్ రాష్ట్రంలో వీ.ఎం.ఎస్. సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ లైసెన్సు తీసుకొని ముందుకు వచ్చింది. పూర్వం డిజిటల్‌లో పనిచేసి తలలు నెరసిన ఇంజనీర్లను చేరదీసి, ఆ పని మళ్లీ మొదలుపెట్టింది. నేడు సర్వత్రా దొరికే మామూలు యంత్రాల మీద కూడా నడిచే రూపాన్ని 2022లో విడుదల చేసింది. హక్కులున్న హ్యూలెట్ పాకార్డ్ లైసెన్సు ఇవ్వడం వలన, తెలిసిన మనుషులు ఇంకా బ్రతికి ఉండడం వలన, డబ్బు చెల్లించే వాడుకదారులు మిగిలి ఉండడం వలన అది సాధ్యమయింది. ఈ మూటిలో ఏ ఒక్కటి లేకపోయినా సాధ్యమయ్యేది కాదు.

లేకపోతే ఏమవుతుందో నాకు స్వానుభవం. నేను ఈ వృత్తిలోకి వచ్చిన తొలి సంవత్సరాలలో మా పత్రిక కార్యాలయంలో తెలుగు అక్షరకూర్పుకు ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. దానిని తయారుచేసిన చిన్న సంస్థ కొన్నేళ్లకు మూతబడింది. కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాత వ్యాసాల ఫైళ్లు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు. అక్షరాలు చెరిగిపోలేదు; వాటిని తెలుగుగా చూపించే తాళంచెవి పోయింది. నేను వ్రాసిన వందలాది లేఖలు, అంతకంటె విలువైన పెద్దల రచనలు, అన్నీ ఆ తాళం వెనుకనే ఉండిపోయాయి.

చివరకు దారి చూపినది అప్పట్లో మా దగ్గర కంపోజింగ్ చేసి పదవీ విరమణ పొందిన ఒక పెద్దాయన. ఫోన్ చేసి, "గురువుగారూ, ఆ పాత ఫాంటులో ఏ మీటకు ఏ అక్షరమో మీకేమైనా గుర్తుందా?" అని అడిగాను. "గుర్తెందుకు బాబూ, నోటుపుస్తకం ఉంది. ఒత్తులు ఎక్కడ తప్పుతాయో కూడా రాసి పెట్టుకున్నాను" అన్నారు. ఆ నోటుపుస్తకం తెప్పించుకొని, మా కార్యాలయంలోని ఒక యువకుడు పదిహేను రోజులు కూర్చొని, పాత అక్షరాలను కొత్త పద్ధతిలోకి మార్చే చిన్న ప్రోగ్రాం వ్రాశాడు. లేఖలు తిరిగి వచ్చాయి. ఆ పుస్తకం వ్రాయమని ఆయనతో సంస్థ చెప్పలేదు. అది ఆయన శ్రద్ధ. ఒక పత్రిక పాతికేళ్ల జ్ఞాపకం ఒక మనిషి అలమారులోని నోటుపుస్తకం మీద వేలాడడం మాత్రం సిగ్గుపడవలసిన విషయం.

ఈ అనుభవాలన్నింటి సారాంశం ఒక్కటే. సాఫ్ట్‌వేర్ అనేది కొని ఇంట్లో పెట్టుకొనే వస్తువు కాదు. నిత్యం కనిపెట్టుకొని ఉండవలసిన వ్యవస్థ. దానిని వ్రాసినవారు వెళ్లిపోవడం ప్రమాదం కాదు, సహజం. వారు వెళ్లేనాటికి మూడు మిగలాలి: వ్రాసిన మూలప్రతి, దానిని చదవగల మనుషులు, వారికి ప్రతి సంవత్సరం చెల్లించే పద్దు.

మూలప్రతి, అనగా ఇంజనీర్లు సోర్స్ కోడ్ అనేది, చేతిలో ఉంటే సగం బలం. కాని మూలప్రతి ఒక్కటే చాలదు. కాళిదాసు కావ్యాలు మనకు దక్కాయి. మన మెతుకుసీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్యానం లేకపోతే ఎందరు విద్యార్థులు వాటిని చదివి ఉండేవారు? సాఫ్ట్‌వేర్‌కు సైతం మల్లినాథుడు కావాలి. రిజర్వేషన్ వ్యవస్థలో ఆర్.ఏ.సీ., నిరీక్షణ జాబితా, 1997లో వచ్చిన తత్కాల్, రకరకాల కోటాలు, రాయితీలు ఉన్నాయి. ఎన్ని దశాబ్దాల ఉత్తరువులు అందులో కలిసిపోయి ఉన్నాయో! ఏ వరుస ఏ ఉత్తరువు కోసం వ్రాయబడిందో చెప్పే కాగితం లేకపోతే, కొత్తగా కట్టేవారు పాతదానిని తవ్వి చూచి ఊహించవలసిందే. ఇప్పుడు జరుగుతున్న పునర్నిర్మాణంలో యంత్రాలు మార్చడం సులభమైన భాగం. ఈ నియమాలను పొల్లుపోకుండా దాటించడమే కష్టమైన భాగం.

ఇక పద్దు. మన పూర్వులకు ఈ సంగతి చక్కగా తెలుసు. చెరువు కట్టించినవారికి, పాడైనదానిని బాగుచేసి కాపాడేవారికి దశబంధం పేర మాన్యం ఇచ్చేవారు. కట్ట నిలిచి ఉన్నంతకాలం మాన్యం ఫలితం అనుభవించవచ్చు. అశ్రద్ధ చేస్తే హక్కు పోతుంది. ప్రారంభోత్సవం నాటి సన్మానం కాదది, ఏటేటా సాగే జీవనాధారం. నేటి బడ్జెట్లలో నిర్మాణానికి కోట్లు, ప్రారంభోత్సవానికి పూలదండలు, పోషణకు మిగిలినది.

ఈ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించేది సామాన్యుడు. తెలంగాణలో 2020 అక్టోబరులో మొదలైన ధరణి వ్యవస్థ నిర్వహణ నాలుగేళ్లపాటు ప్రైవేటు చేతులలో ఉండి, 2024 డిసెంబరులో జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రానికి బదిలీ అయింది; 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ధరణి గుణదోషాలపై పార్టీలు ఏమైనా అనుకోనీ. రైతుకు తెలియవలసినది ఒక్కటే: చేతులు మారినప్పుడు తన సర్వే నంబరు, తన విస్తీర్ణం, తన పేరు చెక్కుచెదరకుండా అవతలి ఒడ్డు చేరాయా, పొరపాటు ఉంటే సరిదిద్దగల మనిషి ఎవరు? ప్రభుత్వాలు మారవచ్చు, కాంట్రాక్టులు ముగియవచ్చు. పట్టా అట్లా ముగిసేది కాదు.

కేంద్రానికి ఈ విషయంలో జ్ఞానం లేదనలేము. ప్రభుత్వ కార్యాలయాలు మూలప్రతి బహిరంగంగా లభించే సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని 2015లో ఒక విధానం ప్రకటించారు; ప్రభుత్వ డబ్బుతో వ్రాయించిన ప్రోగ్రాముల మూలప్రతిని తక్కిన శాఖలకు అందుబాటులో ఉంచాలని అదే ఏడాది మరొకటి వచ్చింది. కాగితం మీద రెండూ మంచివే. కాని విధానం ఉండడం వేరు, కాంట్రాక్టు కుదిరే నాడు ఆ షరతును వ్రాయించడం వేరు. వ్రాయించిన షరతును అమలు చేసి, మూలప్రతిని నిజంగా తెచ్చుకొని, అది పనిచేస్తున్నదో లేదో మన మనుషులే నడిపి చూచుకోవడం ఇంకా వేరు.

ప్రశ్నోత్తరాల కాగితాలు తిరగవేసే నాకు మరొక సంగతి కూడా కనబడింది. కొత్త వ్యవస్థల గురించి మన సభ్యులు అడిగేవి సాధారణంగా మూడు ప్రశ్నలు: ఎంత ఖర్చు? ఎప్పుడు పూర్తి? మా నియోజకవర్గానికి ఎప్పుడు? నాలుగవ ప్రశ్న అరుదు: దీనిని కట్టినవారు వెళ్లిపోయిన మరునాడు బాగుచేసేవారు ఎవరు, వారి దగ్గర ఏ కాగితాలు ఉంటాయి, వారి జీతం ఏ పద్దులో ఉన్నది? ఈ ప్రశ్నకు నక్షత్ర గుర్తు పెట్టించి మంత్రిచేత సభలో నోట చెప్పించగల సభ్యుడు ఏ పార్టీవాడైనా సరే, ఆ రోజు నేను విలేఖరుల గ్యాలరీలో ముందు వరుసలో కూర్చుంటాను.

రైల్వేల కొత్త వ్యవస్థ నిమిషానికి లక్ష టికెట్లు ఇస్తే సంతోషమే. అయితే దానికీ ముప్ఫై ఏళ్లు నిండుతాయి. దాని యంత్రాలూ పాతబడతాయి, దానిని వ్రాసిన యువకులూ పదవీ విరమణ చేస్తారు, దాని చిప్పుల తయారీ సైతం ఎక్కడో ఎవరో ఆపివేస్తారు. ఆనాడు కూడా సికింద్రాబాదులో ఎవరో ఒకరు కిటికీ ముందు నిలబడి, బెర్తు కోసం చేయి చాపుతారు. 1975లో మరమ్మతును ముందుగా ఆలోచించి, దానికి ఒక సంస్థను, ఒక పేరును ఇచ్చిన దేశం మనది. ఆ దూరదృష్టి మనకు పరాయిది కాదు, మరచిపోయినది మాత్రమే.